రెండు వేళ్ల బట్ట

మొన్న ఒక పొద్దున శంషాబాద్ విమానాశ్రయం గేటు ముందు, పాత పట్టు జాకెట్ ఉన్న కాగితం పొట్లంతో నిలబడ్డాను. వచ్చే దారిలోనే మూడు చోట్ల మా చెల్లె బొమ్మ కనిపించింది. చెల్లె అంటే మా చిన్నాయన కూతురు. ఒక్కో బోర్డూ వాళ్ల పాత ఇంటికంటే పెద్దది. చేతిలో బంగారు రంగు కత్తెర, ముఖం మీద ఎవరినో క్షమిస్తున్నట్టు ఒక నవ్వు. ఆ కత్తెర చూసినప్పుడల్లా నా నోట్లో చేదు ఊరుతుంది. ఈ వయసులో పైత్యమని సరిపెట్టుకోవచ్చు గానీ, ఆ చేదు ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు.

విమానాశ్రయం రాకముందు ఈ చుట్టుపక్కల జొన్నచేలు ఉండేవి. అక్కడి ఊళ్లోనే మా చిన్నమ్మ కాలితో తొక్కే మిషన్ మీద జాకెట్లు కుట్టేది. ఆమెకొక నియమం. రెండు పక్కలా కుట్టు లోపల రెండు వేళ్ల వెడల్పున బట్ట మడిచి వదిలేది. మనిషి ఒళ్లు చేస్తే కుట్టు విప్పి, ఆ బట్టను బయటికి తీసి మళ్లీ కుట్టుకోవచ్చు. "ఆడిదాని ఒళ్లు ఎప్పటికి ఒక్క తీర్గ ఉంటదా కొడుకా?" అనేది. చెల్లె ఆ మిషన్ పక్కనే పెరిగి, పెద్ద చదువు చదివి, రాజేంద్రనగర్ వైపు ఒక ఫ్యాషన్ కాలేజీలో పాఠాలు చెప్పింది. మంచి టీచరు. ఆ మాట చెప్పకపోతే అన్యాయం. మొదటి నెలంతా పిల్లలను కత్తెర ముట్టనిచ్చేది కాదు. ఇంటి నుంచి తలా ఒక పాత జాకెట్ తెప్పించి కుట్లు విప్పించేది, లోపల వదిలిన బట్టను వేళ్లతో కొలిపించేది. దాని మీద మా పత్రిక ఆదివారం పేజీలో వ్యాసం రాసింది నేనే. అది చదివాకే టీవీ వాళ్లు ఆమెను వెతుక్కుంటూ వచ్చారు.

అదొక బట్టలు కుట్టే పోటీ. చెల్లె అందులో పోటీవాళ్ల తప్పొప్పులు చెప్పే మెంటర్. పెళ్లి ముహూర్తాలు లేని నెలల్లో శంషాబాద్ రోడ్డు మీద ఒక ఫంక్షన్ హాలు కిరాయికి తీసుకుని సెట్టు వేశారు. రమ్మంటే ఒకసారి పోయాను. జిగురు, జుట్టుకు కొట్టే స్ప్రే, మూత తీసి వదిలేసిన బిర్యానీ, మూడూ కలిసిన వాసన. నెత్తి మీదుగా విమానం పోయినప్పుడల్లా షూటింగ్ ఆపి, అందరూ పైకప్పు వైపు చూస్తూ కూర్చునేవారు. ఆ రోజు పోటీలో షాద్‌నగర్‌లో దుకాణం నడిపే ఒకామె ఉంది. ఒకప్పుడు చెల్లె దగ్గర సాయంత్రం క్లాసులకు వచ్చి నేర్చుకున్న మనిషి. టీవీలో చూడమని గిరాకీలందరికీ చెప్పుకుని వచ్చింది. ఆమె కుట్టిన జాకెట్‌ను చెల్లె కెమెరా ముందు లోపలి వైపు తిప్పింది. అప్పటికే కెమెరా ఎదుట చెల్లె మాటతీరు వేరైపోయింది.

"ఏంటండీ ఇది? లోపల ఇంత చెత్త దాచారు?"

"మేడం, మీరే చెప్పిన్రు గద, రెండు వేళ్లు ఇడ్వాలని!"

చెల్లె తడబడలేదు. ఎడమ పక్క వదిలిన బట్టను కుట్టుదాకా కోసి కింద పడేసింది. సరిగ్గా అప్పుడే విమానం వచ్చింది. డైరెక్టర్ చేతులెత్తేశాడు. శబ్దం పాడైంది, మళ్లీ తీయాలి. షాద్‌నగర్ ఆమె దగ్గరికి వచ్చి, "అమ్మా, ఈసారి ఆ మాట వద్దు. సారీ మేడం అంటే చాలు" అన్నాడు. విమానం మోత పూర్తిగా పోయేదాకా చెల్లెకు వ్యవధి దొరికింది. తప్పేం లేదు, నేర్పింది నేనే అంటే సరిపోయేది. ఆమె నా వైపు తిరిగింది. అంటుందనే అనుకున్నాను.

"అన్నా, నా మొకం ఏ దిక్కుకెళ్లి మంచిగొస్తది?" అని అడిగింది.

నేను కుడి వైపు అన్నాను. అడిగితే జవాబు చెప్పే అలవాటు. ఈసారి ఆమె కుడి పక్క బట్ట కోసింది. "సారీ మేడం" అంది షాద్‌నగర్ ఆమె. కూలికి వచ్చి కుర్చీల్లో కూర్చున్నవాళ్లు చప్పట్లు కొట్టారు.

అది టీవీలో వచ్చిన వారమే ఒక పెళ్లివాళ్లు షాద్‌నగర్ దుకాణానికి పోయి, ఇంకా కోయని బట్టలన్నీ వాపసు తీసుకుపోయారు. చిన్నమ్మ ఆ కార్యక్రమం సగం చూసి, లేచి వెళ్లి ప్లగ్గు పీకేసింది. "సిగ్గు లేనిదానికి గంత పెద్ద కత్తెరెందుకు కొడుకా?" అంది. అప్పటికే ఆ షూటింగ్ మీద నేను రాసిన రెండో వ్యాసం అచ్చయింది. అందులో చెల్లెను నిక్కచ్చి మనిషి అని పొగిడాను. విమానం సంగతి లేదు, షాద్‌నగర్ ఆమె మాటా లేదు. ఎన్నో ఏళ్లు పత్రిక డెస్కు మీద ఇతరుల వార్తలు కోసిన చేయి కదా, ఎక్కడ కోస్తే అతుకు కనబడదో దానికి తెలుసు. టీవీ మీద మొదలైన అసహ్యం చెల్లెను దాటి నా దాకా వచ్చింది, ఇప్పటికీ పోలేదు.

నిరుడు చిన్నమ్మ పోయింది. కిందటి వారం చెల్లె ఫోన్ చేసింది. "అన్నా, ముంబైల షో ఉన్నది. అమ్మ కుట్టిన జాకెట్ తొడుక్కొని అమ్మ ముచ్చట చెప్పి ఏడ్వాల్నంట. గని అది పడ్తలేదు. జర యాడనన్న విప్పించి తేవా?"

తిన్నగా షాద్‌నగర్ పోయాను. దుకాణంలో ఇప్పుడు బడిపిల్లల యూనిఫాంలు తప్ప ఏమీ లేవు. ఆమె జాకెట్‌ను లోపలి వైపు తిప్పి, వేళ్లతో కొలిచి నవ్వింది.

"ఎవలు కుట్టిన్రో గని మంచిగ ఇడిసిన్రు సార్. ఎవలది?"

"మీ మేడంది. వాళ్లమ్మ కుట్టింది."

నవ్వు ఆగింది. తిప్పి పంపుతుందనుకున్నాను. బ్లేడు తీసుకుని ఒక్కో పోగూ తెంపి, బట్ట సాపు చేసి, మళ్లీ కుట్టి నా చేతికిచ్చింది. "మేడంకు చెప్పుండ్రి సార్. లోపలిదంత బయటికి తీసిన. ఇగ దీంట్ల ఏం లేదు."

గేటు దగ్గర చెల్లె నల్ల కళ్లద్దాలతో వచ్చింది. పొట్లం నొక్కి చూసుకుంది. ఎవరు కుట్టారని అడగలేదు. అడగకుండానే షాద్‌నగర్ ఆమె పేరు చెప్పి, ఆమె చెప్పమన్నదీ చెప్పాను. చెల్లె పొట్లాన్ని సంచిలో పెట్టుకుంది. "సరేలే అన్నా, అవసరమైతే ఇంకోటి కుట్టించుకుంట" అని లోపలికి పోయింది. పైన ఒక విమానం పోతోంది. ఆ రోజు ఫంక్షన్ హాల్లో అలాంటిది ఒకటి దాటిపోయేంత సేపు, ఉన్నమాట చెప్పడానికి, మా ఇద్దరికీ దొరికింది. కాలం మనిషికి లోపల వదిలిపెట్టే బట్ట, బహుశా, అంతే ఉంటుంది.