నిలబడ్డ మనిషి లెక్క

మొన్న నా పాత శిష్యురాలు, ఇప్పుడు మా కాలేజీలోనే పాఠాలు చెబుతున్న పిల్ల, ఫోన్‌కు ఒక వీడియో పంపింది. కంప్యూటర్లో గీసిన వెన్నెముక వంగుతోంది, మెలితిరుగుతోంది, పూసల మధ్య అరిగిన డిస్కులో ఒత్తిడి పెరిగినచోటల్లా ఎర్రబడుతోంది. అరగంటలో వచ్చేసింది సార్ అని మురిసిపోయింది. బాగుందమ్మా అని జవాబిచ్చి ఫోన్ బోర్లించేశాను. చూసి ముచ్చటపడొచ్చు కదా అంటారు మీరు. నా వల్ల కాలేదు.

నేను పరిశోధన చేసిన రోజుల్లో అనంతపురంలో కంప్యూటరంటే ఏసీ గది ముందు చెప్పులు విప్పి దర్శించుకోవాల్సిన దేవుడు. డిస్కును చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి పైనుంచి బరువు మోపితే, ఏ గడిమీద ఎంత ఒత్తిడో తేలడానికి రెండు రోజులు పట్టేది. అప్పుడే, వేరుశనగ చేలల్లో కూలికి పోయి నన్ను చదివించిన మా అక్క, కదిరి దగ్గర మా పల్లె నుంచి నడుంనొప్పితో వచ్చింది. డాక్టరు స్కాన్ తీయించి, డిస్కు అరిగింది, వంగే పని మానెయ్యమన్నాడు. నేను ఊరుకుంటానా, ఆ స్కాన్ కొలతలతోనే లెక్క కట్టాను. నిటారు వెన్నెముకలో డిస్కు బొమ్మంతా నీలం, అంటే ప్రమాదం లేదని. గొప్పగా తెచ్చి ఆమెకు చూపించాను.

"ఏమిరా, ఈ మనిసి నిలబడుకోనే ఉండాడే? నిలబడుకోని చెనిక్కాయ పీకేదెట్లరా?" అంది.

నవ్వేశాను. అందరూ నిలబడ్డ మనిషికే లెక్క కట్టేవాళ్లు, వంచాలంటే మొత్తం మళ్లీ మొదలుపెట్టాలి, థీసిస్ ఇవ్వడానికి నెలే గడువుంది. ఏం కాదు, పనికి పో అక్కా అన్నాను. డాక్టరు మాట పక్కనపెట్టి నా మాట నమ్మింది.

ఆ ఏడు చెనిక్కాయ పీకే వేళకు వాన మొహం చాటేసింది. నేల బిగుసుకుపోతే నడుం వంచి, చెట్టును రెండు చేతులా పట్టి, మెలితిప్పి గుంజాలి. మూడోరోజు అక్క సాలులోనే కూలబడింది. ఆపరేషన్ చేసినా కుడి పాదం మళ్లీ లేవలేదు.

ఆ తర్వాత, సిగ్గులేకుండా, అదే డిస్కును వంచి లెక్క కట్టాను. బొమ్మ ఎర్రగా వచ్చింది. ఆ వ్యాసమే నాకు పేరూ ఉద్యోగమూ తెచ్చిపెట్టింది, అందులో అక్క పేరు ఎక్కడా లేదు.

ఇప్పటి పిల్లలు మనిషి ఏ పని చేస్తాడో అడిగాకే లెక్క మొదలుపెడుతున్నారు, సంతోషమే. ఆ ఎర్రబొమ్మను మాత్రం ఈనాటికీ అక్కకు చూపించలేదు. నేను ఊరికెళ్లినప్పుడు ఆమె కుంటుతూ వీధిలోకి వస్తే ఎవరో ఒకరు కాలు సంగతి అడుగుతారు, నేను పక్కనే ఉంటాను.

"మా తమ్ముడు బాగానే లెక్కేసినాడప్పా, నేనే యాడో తప్పుగా వంగినాను" అంటుంది.