ఉత్తరపు గోడకు సిమెంటు పూసిన ఏడాది

ఎర్నెస్ట్ థర్టిల్ గురించి చెప్పబోతే నాకు ముందు కోపమే వస్తుంది. ఆయన మీద కాదు, మా ఊరి మీద. అందులో నేనూ ఉన్నాను.

లండన్‌కు దూరంగా ఉన్న మా పల్లెలో చర్చి గోడలు చెకుముకి రాళ్ళవి. పొలాల్లో ఏరిన ఆ రాళ్ళు మూలలు కట్టడానికి పనికిరావని గంట గోపురాన్ని గుండ్రంగా లేపారు పాతకాలం వాళ్ళు. రాయికీ రాయికీ మధ్య సున్నపు గచ్చు. తలుపు తీయగానే ఎదురుగా ఉత్తరపు గోడ మీద, పసివాడైన యేసును భుజాన మోస్తూ ఏరు దాటుతున్న పునీత క్రిస్టఫర్ బొమ్మ. దాన్ని చూసినవాడికి ఆ రోజు హఠాత్తుగా చావు రాదని వాళ్ళ నమ్మకం. తర్వాత రాజులు మతం మార్చి, బొమ్మలు పాపమని వెల్ల కొట్టించేశారు.

నాలుగొందల ఏళ్ళకు ఆ వెల్లను పొరపొరగా గీకి బొమ్మను బయటికి తీసింది తాపీ మేస్త్రీ ఎర్నెస్టూ, ఆయన భార్య ఏడానూ. రెండు చలికాలాలు పట్టింది. ఏడా పోయాక ఆయన రోజూ పొద్దున్నే వచ్చి, తలుపు దగ్గర నిలబడి ఆ బొమ్మను చూసి పనికి పోయేవాడు. ఆయనకు మిగిలింది అదే.

ఒక ఏడాది ఆ ఉత్తరపు గోడకు బయటి వైపు గచ్చు రాలింది. చర్చి పెద్ద మేజర్ హేవర్స్ అందరినీ కూర్చోబెట్టాడు.

"సున్నమంటే అది ఆరేదాకా గోడకు తడి గోనెపట్టాలు కట్టి వారాల తరబడి కాపలా కాయాలి. సిమెంటైతే నాలుగు రోజుల పని. అక్టోబర్లో బిషప్ గారొస్తున్నారు."

"మేజర్ గారూ, గోడ తాగిన నీళ్ళు ఆ సున్నంలోంచే బయటికి పోతాయండీ," అన్నాడు ఎర్నెస్ట్. "బయట సిమెంటు పూస్తే లోపలికే దిగుతాయి. లోపల ఏముందో తెలుసుగా?"

"పని నీకు దక్కలేదని ఏడుపా, ఎర్నెస్ట్?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

సిమెంటు పూశారు. ఆ రోజు నుంచి ఎర్నెస్ట్ చర్చి గడప తొక్కలేదు. బిషప్ వచ్చి, టీ తాగి, మెచ్చుకుని వెళ్ళాడు. ఫిబ్రవరికల్లా లోపలి గోడ చెమర్చి ఉప్పు పూసింది. శనివారాలు చర్చి ఊడ్చే వంతు నాది. మూడు శనివారాలు గోడ కింద రాలిన పొడిని ఎత్తి బయట పారబోశాను. తల ఎత్తి చూస్తే కదా! మూడోసారి బయట ఎర్నెస్ట్ ఎదురొచ్చాడు.

"ఏంటది, డోరిస్?"

"దుమ్మేలే."

ఆయన చేటలోంచి ఒక పెచ్చు తీసి వెలుతురులో పెట్టి చూశాడు. దాని మీద ఎర్రటి రంగుంది.

"దుమ్ము కాదే. క్రిస్టఫర్ మొహం."

మర్నాడే ఉలీ సుత్తీ పట్టుకుని బయటి సిమెంటు పగలగొట్టడం మొదలుపెట్టాడు. మేజర్ పరుగెత్తుకొచ్చాడు.

"బిషప్ గారి అనుమతి లేకుండా గోడ మీద చెయ్యేస్తావా? పోలీసుల్ని పిలుస్తాను!"

"పిలవండి. వస్తూ వస్తూ బకెట్లు తెమ్మనండి."

పెద్ద సిమెంటు పెచ్చు ఊడింది. వెనక నిలిచిన మురికినీళ్ళు భళ్ళున వచ్చి మేజర్ బూట్లు నింపేశాయి. పోలీసుల్ని ఎవరూ పిలవలేదు.

ఎండాకాలానికి గోడ ఆరింది. క్రిస్టఫర్ కాళ్ళూ, ఏట్లో చేపలూ మిగిలాయి. మొహం లేదు, పసివాడూ లేడు. లండన్ నుంచి చిత్రకారుణ్ణి పిలిపించి కొత్త మొహం గీయిస్తానన్నాడు మేజర్.

"ఎవరి మొహం గీస్తాడండీ?" అని అడిగి, ఎర్నెస్ట్ తనే నిచ్చెనెక్కి ఆ ఖాళీలో తెల్లటి సున్నం మెత్తడం మొదలుపెట్టాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక మేజర్ అందరి ముందూ టోపీ చేత్తో పట్టుకుని నిచ్చెన కిందికి వెళ్ళాడు.

"తప్పయిపోయింది ఎర్నెస్ట్. క్షమించు."

ఎర్నెస్ట్ వెనక్కి తిరగలేదు.

"పక్కకు జరగండి. వెలుతురుకు అడ్డమొస్తున్నారు."

మేజర్ జరిగాడు. అదే క్షమాపణ అడుగుదామని వెనకాలే వెళ్ళిన నేనూ జరిగాను.