అరుగుకు ఆనించిన బండి

రెండు పార్టీలు లేని ఊరు మా సీమలో ఉండదంటారు. బండి కొనాలనుకున్న నెలలో మా ఇల్లే ఒక ఊరయింది. ఒక పార్టీ నేను, రెండో పార్టీ నా భార్య. మా నాయన ఏ పార్టీలోనూ చేరలేదు కానీ గొడవంతా ఆయన గురించే.

ఆయన వాకిట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అనంతపురంలో ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. వాకర్ పట్టుకుని ఇంట్లో మెల్లగా నడుస్తాడు గానీ మోటార్‌సైకిల్ ఎక్కలేడు, ట్రాక్టర్ ఎక్కలేడు. మా శనగకాయల చేనేమో వంక అవతల. వంక అన్నది పేరుకే, అందులో నీళ్లు పారేది ఎప్పుడో ఒకసారి. ఆ ఇసుకే మాకు దారి. మా పాత చిన్న కారు అందులో దిగితే మళ్లీ పైకి రాదు. అందుకని విత్తనం పడినప్పటి నుంచి నాయన చేను ముఖం చూడలేదు.

రోజూ ఫోన్‌లో వీడియో తీసుకొచ్చి చూపించేవాణ్ణి. కళ్లు చికిలించి చూసి, "ఆకులు చూపిస్తాండావు సరే, నేల యాడరా?" అనేవాడు. ఫోన్ పక్కన పెట్టి గోడవైపు తిరిగి పడుకునేవాడు. పొద్దున లేస్తే నన్ను తిట్టకుండా కాఫీ తాగని మనిషి, తిట్టడం కూడా మానేశాడు. అది చూడలేకపోయాను.

అందుకే కొత్త బండి. అయితే నా అవసరం నాకూ ఉంది. రాయదుర్గంలో నాకు జీన్స్ కుట్టే యూనిట్ ఉంది. గుడ్డ కోసం, ఆర్డర్ల కోసం బళ్లారి పోతుంటాను. అక్కడ మనిషి కంటే ముందు మనిషి దిగిన బండిని చూస్తారు. నా కన్ను ఒక బూడిదరంగు ఎస్‌యూవీ మీద పడింది. సన్నటి లైట్లు, ముందంతా పెద్ద తెర, నెత్తిమీద తెరుచుకునే అద్దం. నా భార్యకు నచ్చింది డబ్బా ఆకారం బండి. నాలుగు చక్రాలూ లాగుతాయి, స్టెపినీ వీపున వేలాడుతుంటుంది. దాన్ని చూస్తే నాకు మా ఇంట్లో బియ్యం డ్రమ్ము గుర్తొచ్చింది.

"నెత్తిమీద అద్దం ఎందుకు మీకు? మన ఆకాశంలో ఏముండాదని చూస్తారు, మబ్బులా?" అంది నా భార్య.

మా జిల్లాలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాడు ఇంకా పుట్టలేదు.

నాయన్ను వెంటబెట్టుకుని అనంతపురం పోయాం. నాకు నచ్చిన సొగసు బండిలో ఆయన మంచం మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. డబ్బా బండి వేరే షోరూంలో ఉంది. అక్కడ ఆయన కాలు లేవలేదు. అమ్మే అతను సాయం చేయబోయి చంకల కింద చేతులేసి ఎత్తాడు. ఆ గాజు గదిలో, అంతమంది ముందు, పంచె చెదిరిపోయింది.

"దించప్పా, దించు. నేనేమన్నా మూటనా?" అన్నాడు నాయన.

పంచె సర్దుకుని, వాకర్ పట్టుకుని బయటికి నడిచాడు. నా భార్య పార్టీ ఓడిపోయింది. ఆయన్ను చూస్తే బాధేసింది గానీ, గెలిచినందుకు నాకు లోలోపల సంతోషంగానే ఉంది.

ఆ సంతోషం వంకదాకానే. సొగసు బండిని నడిపి చూసుకోమని ఊరికి పంపారు. అందరూ హైవే మీద చూసుకుంటారట, నేను నేరుగా వంకలోకి దించాను. ముందు సీట్లో నాయన. నడి ఇసుకలోకి పోయేసరికి చక్రాలు తిరుగుతున్నాయి, బండి కదలడం లేదు. ఎంత తొక్కితే అంత దిగబడింది. తెరమీద ఎర్ర బొమ్మలు, పసుపు బొమ్మలు వెలిగాయి. అవతలి ఒడ్డున మా చేను గట్టు కనిపిస్తోంది. నాయన ఏసీ చల్లగాలిలో కూర్చుని ఆ గట్టునే చూస్తున్నాడు.

"ఈడిదాంకా వచ్చి..." అని ఆగిపోయాడు.

పక్క చేను వాళ్లు తాడు కట్టి ట్రాక్టర్‌తో మమ్మల్ని వెనక్కి లాగారు. నా మీద నాకు కోపమొచ్చింది, బండి మీద వచ్చింది, ఆ ఇసుక మీద కూడా వచ్చింది.

సాయంత్రం ముగ్గురం ఇంటి ముందు అరుగు మీద కూర్చున్నాం. ఎక్కగలిగే బండి చేనుకు పోదు, పోయే బండిని నాయన ఎక్కలేడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఉన్నట్టుండి నాయన అడిగాడు.

"ఆ డబ్బా బండి తలుపు కింది అంచు యాడికొస్తాదిరా?"

మోకాలి మీద చెయ్యి పెట్టి చూపించాను. ఆయన కూర్చున్నచోటనే అరుగు మీద అరచేత్తో చరిచాడు.

"ఇది యాడికొస్తాది?"

మోకాలికి కాస్త కిందికి. ఆ అరుగు కట్టించింది ఆయనే. కాయల బస్తాలు దానిమీద నిలబెట్టి, ఎద్దుల బండిని ఆనించి, బస్తాను అందులోకి వాల్చేవాళ్లు. నేల మీంచి ఎత్తే పని లేదు.

"మూటను ఎత్తకూడదురా. బండినే అరుగుకు ఆనించాల" అన్నాడు.

షోరూం నేల చదునుగా ఉంటుంది. మేము ఆ నేల మీద నిలబెట్టి మనిషిని బండితో కొలిచి, కుదరదని వచ్చేశాం. మా ఇంటి అరుగు మాకు గుర్తే రాలేదు.

డబ్బా బండే కొన్నాం. ఇంటికొచ్చిన మరునాడు అరుగు పక్కన ఆపాను. తలుపు అరుగు మీదుగా తెరుచుకుంది. నాయన వాకర్‌తో నడిచొచ్చి, వెనక్కి తిరిగి, సీటు మీద కూర్చుని, కాళ్లు ఒక్కొక్కటే లోపలికి తీసుకున్నాడు. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. వంకలో బండి మూలుగుతూ పోయింది గానీ ఎక్కడా ఆగలేదు.

చేను దగ్గర, "గట్టుకు ఆనించు" అన్నాడు. ఆనించాను. తలుపు తెరిస్తే గట్టు రాయి ఒకటి కొత్త రంగును బర్రుమని గీసింది. నా ప్రాణం ఉసూరుమంది. నాయన అదేమీ వినలేదు. వాకర్ పట్టుకుని గట్టు మీదికి దిగి, నిలబడి చేనంతా ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు.

"కలుపు ఇంత పెట్టుకోని నాకు ఆకులు చూపిస్తాండావా? సిగ్గుండాదా నీకు?"

తుంటి విరిగాక నాయన నన్ను తిట్టడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది. నా భార్య ముఖం అటు తిప్పుకుని నవ్వింది.

ఇప్పుడు ఆ తలుపు కింద గీతలు చాలా పడ్డాయి. మొన్న బళ్లారిలో గుడ్డ అమ్మే అతను బండి చుట్టూ తిరిగి, "ఏమన్నా, కొత్త బండిని ఇట్ల చేసినావు? పెయింట్ కొట్టియ్యకూడదా?" అన్నాడు.

"కొట్టించినా మళ్లీ పడతాయిలే అన్నా. అది మా నాయన దిగే తలుపు" అన్నాను.