సినిమాలోనూ రాని బావ

మొన్న మధ్యాహ్నం ఫోనులో పాత పాటలు వెతుకుతుంటే, తెలంగాణ వచ్చిన కొత్తల్లో మా దేవరకొండ దగ్గర తీసిన ఓ చిన్న సినిమా కంటబడింది. కాలం చేసిన మా మేనత్త అందులో కాసేపు కనిపిస్తుందని తెలుసు గనక, ఒంటరిగా చూసే ధైర్యం చాలక ఫోను పక్కన పెట్టి, మళ్లీ తీసుకున్నాను.

పేపరులో పనిచేసినవాణ్ణి, ఏం జరిగిందన్నదే నాకు కథ. తెరమీద ఏమీ జరగకుండా ఓ మనిషి ఊరికే కూర్చుంటే లేచి టీకి పోయేవాణ్ణి. మీలోనూ చాలామంది అంతే అయివుంటారు. అత్త కొడుకు, మా బావ, ఓ కరువు ఎండాకాలం గొర్రెల మందతో కృష్ణ దాటి మేతకు వెళ్లాడు. తోటివాళ్లు మందను తోలుకుని తిరిగొచ్చారు. ఓ తెల్లవారుజామున లేచి చూస్తే బావ గొంగడి ఉంది, బావ లేడన్నారు. ఆ వార్త నేనే రాశాను, లోపలి పేజీలో చిన్న ముక్కగా వచ్చింది. బావ జాడ మాత్రం తెలియలేదు.

కొన్నేళ్లకు, మన మనుషుల సినిమా మన మాటలోనే తీస్తామంటూ కొందరు యువకులు అత్త ఊరికి వచ్చారు. కథలో కొడుకు కోసం ఎదురుచూసే తల్లి ఉంది. నటించక్కర్లేదు, గడపలో కూర్చుని దారివైపు చూస్తే చాలని అత్తను కూర్చోబెట్టారు. ఆమె సంగతి వాళ్లకెవరూ చెప్పలేదు.

సినిమా పూర్తయ్యాక దేవరకొండలో ఫంక్షన్ హాల్లో తెర కట్టి ఊరందరికీ చూపించారు. అత్త పక్కన నేను కూర్చున్నాను. ఆమె తెరమీదికి రాగానే, వెనక నుంచి కోడలు వరసైన ఒకామె "అత్తా, హీరోయిన్‌వైతివి గదనే! ఇగ మాతోటి మాట్లాడుతవా, మాట్లాడవా?" అని అరిచింది. హాలంతా నవ్వింది, అత్త నవ్వలేదు. తెరమీద ఆమె నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూనే ఉంది, ఎంతకూ ఎవరూ రారు, నేను విసుగ్గా కదిలాను. అంతలో సినిమా అయిపోయి లైట్లు వెలిగాయి. అత్త లేవలేదు.

"వాడు రాకపాయెనేంది అల్లుడా?"

కథ అంతేనత్తా, అన్నాను.

"కథేనాయె. గీ సినిమాలనన్న రానియ్యకపోతిరి. నువ్వు పేపరోనివి గద, జర చెప్పు. ఒక్కపారి వచ్చి పోయినట్టు తియ్యమను."

చెప్పాను. ఆ యువకుల్లో దర్శకుడు, ఎదురుచూపే ఆ తల్లి అండీ, కొడుకొస్తే ఆమె ఉండదు, అన్నాడు. అప్పుడు ఆ మాట నాకు పట్టలేదు.

వయసు మీద పడి, ఎందరినో సాగనంపిన తరువాత, ఏమీ జరగని సినిమాలే నన్ను పట్టి కూర్చోబెడుతున్నాయి. చూడడం నేర్చుకునేసరికి అలా కలిసి చూసే హాళ్లు తగ్గిపోయాయి, విసుగు పుడితే వేలితో ముందుకు తోసేసే రోజులు వచ్చాయి. మొన్న నేను మాత్రం వెనక్కే తోశాను, మళ్లీ మళ్లీ. అత్త చూపు వెళ్లేచోట, దారిమీద దుమ్మేమైనా లేస్తోందా అని వెతికాను. రాడని తెలుసు. కానీ ఆపేస్తే ఆ గడపలో ఆమె ఒక్కతే మిగిలిపోతుందేమోనని, పొద్దుగూకేదాకా ఆపలేకపోయాను.