కత్తిపలకకు బెల్లం పాకం

ఆ రోజుల్లో మా బోధన్ వైపు బెల్లంతో కాని పని లేదనుకునేవాళ్లం. తెగిన వేలికి బెల్లం (కాస్త సున్నం కలిపి), అలిగిన చుట్టానికి బెల్లం, కారే కుండకు బెల్లం. చక్కెర ఫ్యాక్టరీలో కొత్తగా కుదిరిన నాకైతే చెరుకు శాస్త్రమంతా నా తలలోనే ఉందని గట్టి నమ్మకం. ఆ తలతోనే మేనమామ కూతురి మీద మనసు పడ్డాను. మామేమో "ఫ్యాక్టరీల కుదిరినంత మాత్రాన బుద్ధొచ్చిందంటవా? గాలికి తిరిగేటోనికి పిల్లనెట్లిస్త?" అని మా అమ్మ ముఖానే అనేశాడు.

గాలికి తిరుగుతానా? సరే, గాలితోనే మామను మెప్పిద్దామనుకున్నాను. నా దోస్తు లంగరన్న (పుట్టి బుద్ధెరిగి లంగరు చూసినవాడు కాదు, పేరు మేం పెట్టిందే) ఏదో ఇంగ్లీషు పత్రికలో దొరల పందెపు జోడుపడవ బొమ్మ చూశాడు. ఇంకేం! పొలాలకు నీళ్లు పారించే తాటి దోనెలు రెండింటిని పక్కపక్కన పెట్టి వెదుళ్లతో బిగించి, టార్పాలిన్‌ను తెరచాప చేశాం. ఒక దోనె అడుగున సందు కోసి, నీళ్లలోకి నిలువుగా దిగేలా ఒక చెక్క దూర్చాం. దానికి కత్తిపలక అని లంగరన్నే నామకరణం చేశాడు.

"గాలి పక్కకెల్లి కొడితె పలక దించాలె, పడవ జారది. ఎనుకకెల్లి కొడితె ఎత్తాలె. ఎత్తకుంటె పల్టీనే" అని నాకు పాఠం చెప్పాడు. మరి సందులోంచి నీళ్లు రావూ? పడవను మా ఊరి చెరువొడ్డున ఇటుకల మీద నిలిపి, ముదురు పాకం కాచి పలక చుట్టూ పోశాను. ఆరేసరికి రాయిలా బిగిసింది. "సూసినవా, గిదీ సదువంటె!" అన్నాను.

మామ అనుమానంగానే ఎక్కాడు. "ఆవలొడ్డున నా చెరుకు కాడ తడవకుంట దించు. అప్పుడు పిల్ల సంగతి మాట్లాడుదం" అన్నాడు. ఆ ఒడ్డున మామకు సద్ది తెచ్చిన మరదలు నిలబడి చూస్తోంది. ఆవలొడ్డు దగ్గరపడేదాకా గాలి పక్కనుంచి వీచింది, పడవ దూసుకుపోయింది, మామ మీసం దువ్వాడు. నేనప్పటికే పెళ్లిపీటల మీద కూర్చున్నాను.

అంతలో గాలి మారి వెనకనుంచి కొట్టింది.

"ఎత్తుర!" అని అరిచాడు లంగరన్న. లాగాను. కదిలితే ఒట్టు! పడవ ముక్కు నీళ్లలోకి దిగబడుతోంది. "ఎత్తుర, నీ పాడుగాను!" కాలు తన్నిపెట్టి ప్రాణమంతా పెట్టి గుంజాను. కిందినుంచి పాకం కరుగుతూ వచ్చిందని నాకేం తెలుసు? పలక ఒక్కసారిగా ఊడింది. పలకతో సహా వెళ్లి మామ ఒళ్లో పడ్డాను. సందులోంచి తియ్యటి నీళ్లు సరాసరి ఆయన మీసాల మీదికి చిమ్మాయి. అందరికంటే ముందు దూకింది లంగరన్న. (కెప్టెన్ చివరిదాకా ఉండాలని ఆ పత్రికలో రాయలేదట.)

ఒడ్డు దగ్గరే కాబట్టి బతికాం. ఛాతీలోతు నీళ్లలో నడుస్తూ "గీనికా పిల్లను? సచ్చినా ఇయ్య!" అని కేకేశాడు మామ. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

మరదలు మోకాళ్లదాకా నీళ్లలోకి దిగి, నవ్వాపుకుంటూ నా చెయ్యి పట్టి లాగింది.

"నాకు ఈతొచ్చు బాపూ. బావ యాడ ముంచినా ఒడ్డుకు గుంజుకొస్త."

మామ కూతుర్ని చూశాడు, నన్ను చూశాడు. ధోవతి పిండుకుంటూ మీసం చప్పరించాడు.

"పాకమైతె మంచిగనే కాసిండు" అన్నాడు.

ఇన్నేళ్లలో ఆమె నన్ను చాలాసార్లు ఒడ్డుకు గుంజుకొచ్చింది. నీళ్లలోంచి మాత్రం ఆ ఒక్కసారే.