తోడల్లుడి పటంలో నాలుగు మిల్లీమీటర్లు

మా తోడల్లుడు సరుకుల ఓడలో సెకండ్ ఆఫీసరు. నేను టాటానగర్ దగ్గర బిష్టుపూర్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర డ్రాయింగ్ ఆఫీసులో పనిచేస్తాను. పర్సుడీహ్‌లో మా అత్తవారింట్లో ఈ రెండు ఉద్యోగాలకూ సమాన గౌరవమే, అతను ఊళ్లో లేనప్పుడు.

అతను వచ్చిన రోజు చేప తలకాయ అతని కంచంలోకి వెళుతుంది. నాకు తలకాయ ఇష్టముండదు. అయినా, వెళ్లడం చూస్తూ కూర్చోవాలి కదా.

పోయిన చలికాలం అతను హల్దియా రేవులో ఒక చిన్న ఓడ ఎక్కడానికి వెళుతూ మధ్యలో మా దగ్గర దిగాడు. ఆ ఓడలో సముద్రంలో దారి చూసుకోడానికి ఇంకా కాగితం పటాలే వాడతారట. వాటిని దారిలో కొనుక్కు రమ్మని ఓనరు చెబితే, ఎక్కడో చవగ్గా దొరికాయని ఒక కట్ట తెచ్చాడు. భోజనాలయ్యాక ఒకటి విప్పి మామగారి మంచం మీద పరిచి, ఓడని ఏ దారిన తీసుకెళతాడో వేలుతో చూపించాడు. రోలింగ్ మిల్లులో జీవితమంతా గడిపిన మామగారు పురాణం విన్నట్టు విన్నారు. నేనూ విన్నాను. వినకపోతే కుళ్లనుకుంటారు. కుళ్లే, కానీ వాళ్లు అనుకోవడం ఎందుకు?

మా ఆఫీసులో ఏ డ్రాయింగు వచ్చినా ముందు బొమ్మ చూడం, మూలనున్న కొలతలు చూస్తాం. కాపీకి కాపీ తీస్తే కాగితం మీద కొలతలు సాగుతాయి, కుంచించుకుంటాయి. ఒకసారి అలాంటి కాపీ మీద కొలిచి బోల్టులకు కన్నాలు వేస్తే స్తంభం కూర్చోలేదు. అప్పట్నుంచి నా సంచిలో స్టీలు స్కేలు ఉంటుంది. ఈ పటం మూలలో కూడా అంచుల కొలతలు చిన్న అక్షరాల్లో అచ్చువేసి ఉన్నాయి. ఊరికే ఉండలేక కొలిచాను. వెడల్పు సరిపోయింది. పొడవు నాలుగు మిల్లీమీటర్లు తక్కువ. దిద్దుబాట్లు రాసే చోట అచ్చు అలుక్కుపోయి ఉంది. ఎవరో పాత పటాన్ని కాపీ మిషన్‌లో లాగి కొత్తదని అమ్మేశారు.

స్కేలు మళ్లీ సంచిలో పెట్టేశాను. ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నానని రాయొచ్చు గానీ, నిజానికి ఆనందిస్తున్నాను. నా ఊహలో ఓడ ఇసుకలో కూరుకుపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నేను అంత చెడ్డవాణ్ని కాదు.

ఈలోగా అతని భార్య, మా మరదలు, ఆ అంకెలేటని అడిగింది. నీటి లోతు, మీటర్లలో, అన్నాడు. తమ ఓడ అడుగు నీళ్లలో అయిదు మీటర్లు మునుగుతుంది, ఇక్కడ ఎనిమిది ఉంది, కాబట్టి ఇలా దాటిస్తాం అని వేలు పెట్టాడు. కళ్లజోడు తీసి ఆ అంకె మీదకి వంగాను. సిరా నిండిపోయి ఎడమవైపు రెండు ఖాళీలూ మూసుకుపోయిన అంకె అది.

"అది ఎనిమిది కాదు, మూడు," అన్నాను.

"ఏటన్నయ్యా, జోకా?" అన్నాడు తోడల్లుడు.

నేను జోకులేసే మనిషినే, అందుకని స్కేలు అతని చేతికిచ్చాను. కొలిచాడు. కాగితాన్ని కిటికీకి అడ్డంగా పట్టి అసలు పటంలో ఉండాల్సిన నీటిముద్ర కోసం వెతికాడు. లేదు. కట్టంతా అంతే. తర్వాత ఓనరుకి ఫోన్ చేసి, తప్పు తనదేననీ, అసలు పటాలు చేతికొచ్చేదాకా ఓడ కదపననీ చెప్పాడు. అవతలి అరుపులు మాకందరికీ వినిపించాయి. అతను మాత్రం గొంతు పెంచలేదు. ఆ సాయంత్రం టాటానగర్‌లో ఎక్కాల్సిన రైలు మానుకుని, అసలైన డీలరెవరో కనుక్కునే పనిలో పడ్డాడు.

మామగారు నా వైపు తిరిగారు. "కళ్లున్నోడికి కనిపిత్తాది బాబూ. ఓనరుతో కదపనని సెప్పడానికి గుండె కావాల."

అది నిజమే. ఉద్యోగం పోయేదేమో కూడా. పైగా ఆ వారమంతా ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ, "కనిపెట్టింది అన్నయ్యే, లేకపోతే నేను ఓడని ముంచేసేవాణ్ని" అని అతనే చెప్పుకున్నాడు. మంచితనంలో కూడా నాకు కాస్త చోటివ్వలేదు.