తాగుబోతు అనకూడదు

మల్కాపురంలో పాపాయమ్మ ఇడ్లీ బండి దగ్గర ఎవరైనా 'తాగుబోతు' అంటే వాళ్ల ప్లేటులో చట్నీ పడేది కాదు. 'టిప్సీ' అనాలి. ఆవిడకు వచ్చిన ఇంగ్లీషు మాట అదొక్కటే. దాని కోసం పోర్టు కార్మికులతో, ఆటోవాళ్లతో, చివరికి రెండు ముక్కలు చదువుకున్న నాతో కూడా యుద్ధం చేసింది.

ఆ మాట ఒక ఇంజినీరు దగ్గర దొరికింది. ఓ పొద్దున ఆయన తల పట్టుకుని వచ్చి, "నిన్న పార్టీలో కాస్త టిప్సీ అయ్యానమ్మా, కారం తగ్గించు" అన్నాడట. చుట్టూ ఉన్నవాళ్లు "అయ్యో, కూర్చోండి సార్" అని స్టూలు వేశారట. తాగి కూడా స్టూలు సంపాదించిన మనిషిని పాపాయమ్మ మొదటిసారి అప్పుడే చూసింది.

మా వీధిలో ఆ మాటకు చేతినిండా పని కల్పించినవాడు వీర్రాజు. పోర్టులో కలాసీ. మొదలుపెట్టాడంటే ఎప్పుడు ఆపుతాడో అతనికే తెలియదు.

"వీర్రాజుగాడు మల్లీ కాలవలో పడున్నాడు, తాగుబోతెదవ" అన్నాడు ఒకరోజు ఆటో నడిపే ఎల్లాజీ.

గరిటె గాల్లో ఆగింది. "ఏటన్నావ్?"

"టిప్సీ ఎదవ."

"ఎదవ కూడా తీసీ."

"టిప్సీగారు" అన్నాడు ఎల్లాజీ. చట్నీ పడింది.

నేను పోర్టు ఆఫీసులో గుమాస్తాను. ఊరుకోలేక చెప్పాను. "పిన్నీ, టిప్సీ అంటే కొంచెం మత్తు. ఊరికే నవ్వొస్తుంది, కాలు కాస్త తడబడుతుంది, అంతే. కాలవలో పడ్డవాణ్ని అలా అనరు."

"మరేటంటారు బాబూ?"

"డ్రంకర్డ్."

ఆవిడ ఆ మాటను నోట్లో తిప్పి చూసుకుంది. "వద్దు బాబూ. రాయి ఇసిరినట్టున్నాది. ఇదే మెత్తగున్నాది."

అయినా నా చదువు మీద గౌరవంతో మర్నాటికి చిన్న సవరణ చేసింది. కాలు తడబడితే సన్న టిప్సీ. గోడ పట్టుకుంటే లావు టిప్సీ. వీర్రాజు మాత్రం కాలవ టిప్సీ.

ఒక మధ్యాహ్నం బండి కట్టేసే వేళకు అటుగా వెళ్లాను. బండి వెనక వీర్రాజు తల దించుకుని నిలబడ్డాడు. పాపాయమ్మ వాయించేస్తోంది. "తాగుబోతు సచ్చినోడా, ఆ పిల్ల మొగం సూసైనా మానరా." ఆ తర్వాత వాడిన మాటలు నేను ఏ భాషలోనూ వినలేదు.

అతను వెళ్లాక, "పిన్నీ, ఇవాళ నీకు చట్నీ లేదు" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "ఇప్పుడు పిల్ల నేదు కదా బాబూ."

వీర్రాజు కూతురు రాణి రోజూ పొద్దున్నే గిన్నె పట్టుకుని ఇడ్లీలకు వచ్చేది. ఆ చట్నీ చట్టం ఆ పిల్ల చెవుల కోసమని నాకు అప్పుడు అర్థమైంది.

ఏళ్లు గడిచినా వీర్రాజు మానలేదు. పోయిన చలికాలం కాలేయం చెడిపోయి చనిపోయాడు.

"మెత్తటి మాటా పన్సేయనేదు, గట్టి మాటా పన్సేయనేదు" అంది పాపాయమ్మ. "సెయ్యట్టుకుని ఆస్పత్రికి తీసికెల్లుంటే బాగున్ను బాబూ."

అతన్ని ఏమని పిలవాలా అని వీధి వీధంతా వాదించుకున్నాం. చెయ్యి పట్టుకున్నవాడు ఒక్కడూ లేడు.

కర్మకాండ అయ్యాక రాణి బండి దగ్గరకు వచ్చి కూర్చుంది. ఇప్పుడు నర్సు ఉద్యోగం చేస్తోంది. పాపాయమ్మతో అంది.

"అత్తా, సిన్నప్పుడు నాను టిప్సీ అంటే పోర్టులో ఏదో పోస్టనుకున్నాను. ఫోర్‌మేన్ లాగ. బళ్లో టీచర్ మీ నాన్న ఏటి సేత్తారని అడిగితే లేచి సెప్పీసినాను, పోర్టులో టిప్సీ అని."

పాపాయమ్మ హడలిపోయింది. "టీచరమ్మ ఏటన్నాదే?"

"పర్మనెంటా, కాంట్రాక్టా అనడిగింది."

"నువ్వేటన్నావ్?"

"పర్మనెంటే అన్నాను."

ముందు నవ్వింది రాణే.